పదకొండు అడిగే కనెక్షన్

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో జాబితా రాసుకోనిదే నాకు దేనిమీదా నమ్మకం కుదిరేది కాదు, కాబట్టి ఇక్కడా అలాగే మొదలుపెడతాను. ఆ పొద్దున సిరిసిల్లలోని షెడ్డులో ఉన్నవి: బట్ట నేసే సాంచాలు పన్నెండు, వాటి యజమాని (అందరూ 'కాక' అని పిలిచే పెద్దాయన), జగిత్యాల ఆఫీసులో నా సీనియర్ అయిన కథలాపూర్ అక్క, ఒక ల్యాప్‌టాప్, ఇస్త్రీ చొక్కాలో నేను. సాంచ ఆగితే కాక ఫోన్‌కు మెసేజ్ పోవాలి. పోతే మా చిన్న ఆఫీసుకు మొదటి పని దొరుకుతుంది. లేకపోతే కాక ఎప్పటిలాగే చెవులతో కనిపెట్టుకుంటాడు.

మెసేజ్‌లు పంపే లైబ్రరీ (ఎవరి ప్రోగ్రాములోనైనా కలుపుకొని వాడుకునే కోడ్) నేను రాసిందే. అందులో సర్వర్‌తో కనెక్షన్ కలిపే కోడ్ భాగమైన కన్‌స్ట్రక్టర్‌కు పదకొండు విలువలు వరసగా ఇవ్వాలి: చిరునామా, పోర్టు నంబరు (సర్వర్‌లో ఏ తలుపు తట్టాలో), ఎన్ని సెకన్లు ఆగాలి, పేరు, పాస్‌వర్డ్, ఇంకా ఆరు (ఆ ఆరు ఎందుకో నాకొక్కడికే తెలుసని అప్పట్లో గర్వం). "తమ్మీ, గిన్ని ఎవలికి యాదుంటయిరా? చిరునామ ఒక్కటి చెప్తె కలిసేటట్టు చెయ్యరాదు?" అని అక్క వారం నుంచి అంటూనే ఉంది. "వాడేటోళ్లకు స్వేచ్ఛ ఉండాలె అక్కా" అని నేను కదల్లేదు.

కాక ఒక సాంచ ఆపాడు. ఫోన్ మోగలేదు. నిమిషం గడిచినా తెరమీద 'కలుపుతున్నది' అన్న మాట తప్ప ఏమీ లేదు. "ఏంది పిల్లగా, మీ మెసేజ్ బస్సుల అస్తున్నదా?" అంటూ కాక చాయ్ తెప్పించాడు. అక్క ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకొని నేను రాసిన లైను చదివింది. పోర్టు ఉండాల్సిన చోట 30, సెకన్లు ఉండాల్సిన చోట 1883, ఒకదాని చోట ఒకటి. రెండూ అంకెలే కాబట్టి నా లైబ్రరీ నోరెత్తకుండా ఒప్పుకొని, లేని తలుపు ముందు ముప్పై ఒక్క నిమిషాల ఇరవై మూడు సెకన్లు నిలబడటానికి సిద్ధపడింది. (లెక్క అక్కడికక్కడే కట్టాను. ఆ క్షణంలో నాకు చేతనైంది అదొక్కటే.)

"రాసినోనికే యాదికి లేదు" అంది అక్క, నవ్వకుండా. "రోజు కోరుట్ల నుంచి షేర్ ఆటోల అస్తవు గదా, ఎక్కంగ డ్రైవర్ ఏమడుగుతడు?"

"ఏడికి అని."

"ఏ గేరు ఎయ్యాలె, హారన్ ఎన్నిసార్లు కొట్టాలె, గివన్నీ అడుగుతడా?"

"అడగడు."

"మరి నువ్వెందుకు అడుగుతున్నవ్?"

"గా బిడ్డ చెప్పినట్టు చెయ్యి" అన్నాడు కాక. ఆయనకు ఆటో సంగతి బాగానే అర్థమైంది.

బట్ట తాన్ల మీద కూర్చొని ఇంకో కన్‌స్ట్రక్టర్ రాశాను. దానికి చిరునామా చెబితే చాలు. మామూలుగా పనికొచ్చే మిగతా పదీ అదే సర్దుకుంటుంది. కాక మళ్లీ సాంచ ఆపాడు. ఫోన్ మోగింది. ఆయనకు సరదా పుట్టి ఇంకో మూడుసార్లు ఆపి, నడిపి, పని మాకే ఇచ్చాడు.

పాతదాన్ని తీసెయ్యడానికి మాత్రం నాకు మనసొప్పలేదు. ఇస్త్రీ చొక్కా పిల్లగాడు అంత ఇష్టంగా పేర్చుకున్న పదకొండు అవి. ఎవరికైనా అవసరం పడుతుందేమోనని ఇప్పటికీ అలాగే ఉంచాను. ఇన్నాళ్లలో దాన్ని వాడినవాళ్లు: ఒకరు, ఇస్త్రీ చొక్కాలో.