హ్యాండ్‌బ్రేక్ పట్టని బండి

మా పికప్ బండి అంటే నాకు మొదటి రోజు నుంచీ భయమే. ఈ సంగతి మా ఆయనకు తెలియనివ్వలేదు. తెలిస్తే నడుం ఆపరేషన్ కుట్లతోనే లేచి వచ్చి స్టీరింగు పట్టుకునే రకం ఆయన. పద్మారావు నగర్‌లో మా ఇంటి వెనక షెడ్డులో వంట చేయించి, ఫంక్షన్లకు భోజనాలు పంపడం మా వ్యాపారం. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఈ పొయ్యిల మీదే బతుకుతున్నాం. ఆయన మంచం పట్టిన నెలలోనే డ్రైవరు క్యాబ్ నడుపుకుంటానని మానేశాడు. కొత్తవాడు దొరికేదాకా అని నేను ఎక్కాను. ఎక్కాక గానీ తెలియలేదు, డ్రైవరు పనికని వచ్చిన ప్రతివాడూ ఒక రౌండు కొట్టి తాళం ఎందుకు తిరిగి ఇచ్చేస్తున్నాడో.

పాత బండి. స్టీరింగు తిప్పాలంటే రెండు చేతులూ చాలవు, భుజం కూడా వెయ్యాలి. రెండో గేరు పడాలంటే బతిమాలుకోవాలి. క్లచ్ మీది కాలు దాదాపు పైదాకా లేపితే గానీ పట్టదు. ఇవన్నీ ఓర్చుకున్నాను. హ్యాండ్‌బ్రేక్ అసలు పట్టకపోవడం మాత్రం నా ప్రాణం తీసేది. లాగితే చక్కగా పైకి వచ్చేది, కటకటమని చప్పుడు కూడా చేసేది, బండి మాత్రం దాని దారిన అది జారిపోయేది. కేబుల్ పోయింది, మార్చడం గంట పని, తెచ్చి పెట్టండి అన్నాడు మెకానిక్. ఆ గంట నాకు నాలుగు నెలలు దొరకలేదు. ఒకరోజు మోండా మార్కెట్‌లో కూరగాయలు, ఒకరోజు ఎవరిదో పెళ్లి, ఒకరోజు ఒట్టి బద్ధకం. అసలు కారణం అవేవీ కాదు. మా దగ్గర అక్క ఉంది, అదీ కారణం.

అక్క అంటే మా వంటశాలలో అందరికంటే పాత మనిషి. జనగామ వైపు ఆవిడ. నాకంటే పదేళ్లు పెద్ద, సన్నటి మనిషి. బండిలో గుండిగల దగ్గర కూర్చుని మూతలు జారకుండా చూసుకునేది. ఎత్తు మీద బండి ఆగితే చాలు, నేను చెప్పకుండానే కిందకు దూకేది. వెనక చక్రం కింద ఒక చెక్క దిమ్మ పెట్టి, పక్కకు జరిగి, బండిని అరచేత్తో రెండుసార్లు చరిచేది. అది మా గుర్తు. ఆ రెండు దెబ్బలూ వినబడితే బ్రేకు వదిలి, తాపీగా ఆక్సిలరేటరు తొక్కి ముందుకు పోయేదాన్ని. తర్వాత ఆవిడ దిమ్మ చంకలో పెట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కేది. బండి గురించి అడిగినవాళ్లకు నేను గొప్పగా చెప్పేదాన్ని, మా హ్యాండ్‌బ్రేక్ వెనకాల కూర్చుంటుందండీ అని. అందరూ నవ్వేవాళ్లు, అక్క కూడా నవ్వేది. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు యాప్రాల్‌లో గృహప్రవేశం. రెండు వందల మందికి భోజనం, పన్నెండుకల్లా వడ్డన మొదలుకావాలి. వడ్డించే పిల్లలు బైకుల మీద ముందే వెళ్లిపోయారు. నేను, వెనకాల అక్క, ఆవిడ చుట్టూ పులిహోర, బూరెలు, పొగలు కక్కే సాంబారు గుండిగ. కంటోన్మెంటు దాటేదాకా రోడ్డు చదునే కాబట్టి ఊపిరి బాగానే ఆడింది. యాప్రాల్‌ రోడ్లు అలా కాదు, ఎక్కు దిగు, ఎక్కు దిగు. ప్రతి ఎత్తు ముందూ నా అరచేతులు చెమటలు పట్టేవి, చీరకు తుడుచుకుంటూ ఎక్కించేదాన్ని.

మేం పోవలసిన కాలనీ ముందు నిటారుగా ఒక ఎత్తు ఉంది. సగం ఎక్కాక ముందు కారు ఎందుకో ఆగింది. నేనూ ఆగాను. కంగారులో క్లచ్ సరిగ్గా తొక్కలేదేమో, ఇంజిన్ ఒక్కసారి గింజుకుని ఆగిపోయింది. అద్దంలో చూశాను. నా వెనక నీళ్ల ట్యాంకరు. ఎంత దగ్గరగా వచ్చి ఆగిందంటే అద్దం నిండా దాని ముఖమే ఉంది. ఇంతలో ముందు కారు కదిలి వెళ్లిపోయింది. ట్యాంకరు హారను మొదలైంది, దాని వెనకవాళ్లూ అందుకున్నారు.

అక్క దిగిన చప్పుడు వినబడింది. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫస్టు గేరు వేసి, బ్రేకు మీద కాలు బిగబట్టి కూర్చున్నాను. దెబ్బలు రెండూ పడ్డాయి. బ్రేకు వదిలాను. బండి దిమ్మ మీద ఆనింది, ఆ వెంటనే ఫటుక్కున పగిలిన చప్పుడు. బండి వెనక్కి కదిలింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎలా తొక్కానో తెలియదు, బ్రేకు తొక్కాను, బండి ఆగింది.

"అక్కా!"

హారన్లు తప్ప ఇంకేమీ వినబడడం లేదు. ఎడమ అద్దంలో ట్యాంకరు బంపరు, కుడి అద్దంలో అదే బంపరు. ఆ రెండు బండ్ల మధ్య ఎంత జాగా మిగిలిందో, అందులో ఆవిడ ఎక్కడుందో తెలియడం లేదు. గేరులో ఉంచి ఇంజిన్ ఆపేస్తే బండి నిలబడుతుంది గదా అని ఇప్పుడు ఎవరైనా అంటారు. నాకూ తెలుసు. ఆ క్షణంలో ఆ తెలివి రాలేదు. నాకు తెలిసిందల్లా నా కుడి కాలు. అది బ్రేకు మీద ఉంది. అది లేస్తే అక్క ఉండదు.

ట్యాంకరు డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. "ఏందమ్మా గిది! నడపరాకపోతె రోడ్డు మీదికి ఎందుకు తెస్తరు? జెర ముందుకు తియ్!"

మామూలు రోజయితే దిగి వాడికి నాలుగు తగిలించేదాన్ని. ఆ రోజు అద్దాల మీంచి కళ్లు తియ్యలేదు.

అప్పుడు సరిగ్గా నా వెనక నుంచి, రెండు బండ్ల మధ్యలో నుంచి అక్క గొంతు వినిపించింది. "ఈడనే ఉన్న బిడ్డా. దిమ్మ పలిగింది. నువ్వు ఎక్కియ్."

"పక్కకి రా అక్కా! నీకు దణ్ణం పెడతా, పక్కకి రా!"

"రాను. ఎక్కియ్."

"అక్కా, జారుతుంది! నీ మీదికొస్తుంది!"

"రానీయవ్ గద. ఎక్కియ్ అంటున్న."

ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే కళ్లు మసకబారతాయని పళ్లు బిగబట్టాను. మా ఆయన చెప్పిన పాఠం ఒక్కటే మనసులో ఉంది. హాఫ్ క్లచ్ దగ్గర బండి ముందు నీతో మాట్లాడుతుంది, తర్వాతే బ్రేకు వదులు. క్లచ్ మీది ఎడమ కాలు మెల్లగా లేపాను. ఇంకా లేపాను. ఇంజిన్ శబ్దం బరువెక్కింది, బానెట్ కాస్త పైకి లేచినట్టయింది. బండి మాట్లాడడం అంటే ఇదే అనుకున్నాను. బ్రేకు వదిలి ఆక్సిలరేటరు తొక్కాను.

అది కాదు. బండి వెనక్కి వచ్చింది. ఎంతంటే జానెడు, అంతకంటే ఎక్కువ ఉండదు. ఆ జానెడు దూరంలో నాకు వినిపించిన నిశ్శబ్దం లాంటిది మళ్లీ ఎన్నడూ వినలేదు. అన్ని హారన్లు మోగుతున్నా వినిపించిన నిశ్శబ్దం అది. ఆ తర్వాత క్లచ్ పట్టింది. బండి ఒక్క కుదుపుతో ముందుకు ఎగిరింది. కాలిన క్లచ్ కంపు మధ్య ఎత్తు ఎక్కి, చదునులో ఒక గేటు పక్కన ఆపి, ఇంజిన్ ఆపేశాను. వెనక్కి తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు. అలాగే కూర్చున్నాను.

ఎవరో కిటికీ మీద కొట్టారు. అక్క. రొప్పుతోంది, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. "ఆగినవ్ ఏంది? ఇల్లు ఆ మూల మీదుంది," అని వెనకాల ఎక్కి కూర్చుంది.

గృహప్రవేశం ఇంటి ముందు సామాను దించేటప్పుడు అడిగాను. భయం తగ్గింది కాబట్టి కోపం వచ్చింది, గట్టిగానే అడిగాను. "ఎందుకు నిలబడ్డావు అక్కడ? నీకు మతి ఉందా? నేను చంపేసేదాన్ని నిన్ను!"

ఆవిడ నా గొంతు పట్టించుకోకుండా సాంబారు గుండిగ మూత గుడ్డ విప్పింది. చుక్క ఒలకలేదు. "నేను పక్కకు జరిగితె నువ్వు పరేషాన్ అయి కాలు తీసేస్తవ్. బండి పోయి ట్యాంకరును గుద్దుతది. నేను ఎనక ఉంటె తియ్యవ్. నాకు ఎరుకే."

అప్పుడు చూశాను. ఆవిడ ముదురాకుపచ్చ పైట మీద, ఎడమ భుజం నుంచి కుడి చంక దాకా, అడ్డంగా ఒక గీత. బండి వెనక తలుపు అంచుకు ఉండే తుప్పూ దుమ్మూ కలిసిన గీత. రెండు అరచేతుల్లోనూ అదే రంగు. బండిని ఆపుదామని చేతులు ఆనించింది. ఆ జానెడులో బండి ఆ చేతుల్ని మడిచి గుండెల దాకా వచ్చింది.

"కాలు తీశాను అక్కా," అన్నాను.

"ఎరుకే," అంది ఆవిడ, గీత వైపు చూసుకోకుండానే. "జెరంత ఎనకకొచ్చినవ్. మల్ల పట్టినవ్ గద."

తర్వాత వంగి గుండిగ ఒక పక్క పిడి అందుకుంది. రెండో పక్క పిడి నేను పట్టుకుంటానని తల ఎత్తి నా వైపు చూసింది. నేను చేతులు చాపలేకపోయాను.