జనరేటర్‌కి స్నానం చేయించిన దసరా

నా ఉద్యోగమూ బస్సులోనే, కాపురమూ బస్సులోనే. ఎనభైల మొదట్లో నర్సీపట్నం నుంచి ఓ ధర్మసంస్థ తిప్పే ఆరోగ్య వ్యానులో నేను నర్సుని. పాత బస్సులో సీట్లు పీకేసి, ఓ బల్లమంచం, కిరోసిన్ స్టవ్వు, చిన్న ఫ్రిజ్ అమర్చారు. వెనక తలుపు తీస్తే ఇనప గూట్లో జనరేటర్. నేను లోపల పడుకునేదాన్ని. మా డ్రైవరు, నా తండ్రి వయసువాడు, నేను బాబాయ్ అని పిలిచేదాన్ని, ఏ బడి అరుగు మీదో నడుం వాల్చేవాడు. జనరేటర్‌ని ముందు పెట్రోలుతో, తాడు లాగి స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కి మార్చాలి. పొద్దున్న నాలుగ్గంటలు, సాయంత్రం నాలుగ్గంటలు నడిపితేనే ఫ్రిజ్‌లో మంచు నిలిచేది. ఆ మంచు మధ్య పోలియో చుక్కల మందు, వెచ్చబడితే ఇక పనికిరాదు. జనరేటర్ చప్పుడుకి ఊరంతా విసుక్కునేది గానీ నాకు మాత్రం అది ఆగితేనే భయం.

ఆ ఏడు దసరాకి నాతవరం అవతల ఓ ఊళ్ళో ఆగాం. ఊళ్ళో కరెంటుని నమ్ముకోడానికి లేదు. పండగ రోజుల్లో కూలిపనులుండవు, తల్లులు ఇళ్ళ దగ్గరే దొరుకుతారని, దశమి మర్నాడు క్యాంపు పెట్టించింది నేనే. చుక్కలేస్తే పిల్లలకి జ్వరాలొస్తాయని హడలిపోయే ఆడవాళ్ళని ఒప్పించడానికి మూడు నెలలు గడపగడపకీ తిరిగాను.

నవమి పొద్దున్న ఆయుధపూజకని జనరేటర్ ఆపాం. బాబాయ్ గుడ్డతో పైపైన తుడిచి బొట్టు పెట్టబోయాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఇదేం పూజ బాబాయ్! జిడ్డు మీద బొట్టా?"

"నీలు తగిల్తే కాయిలు తడిసిపోద్దమ్మా, ఒగ్గేయ్."

నేను వింటేనా! సబ్బునీళ్ళు కలిపి రెండు బకెట్లు కుమ్మరించాను. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ముచ్చటగానే ఉంది. పూజ చేసిన పనిముట్టుని ఆ రోజు వాడకూడదు. మా అమ్మ కత్తిపీటని కూడా ముట్టుకోనిచ్చేది కాదు. సాయంత్రం బాబాయే అడిగాడు.

"ఏటమ్మా, ఓపాలి తిప్పీమంటావా? లోపల మందున్నాది కదా."

"అపచారం బాబాయ్! ఫ్రిజ్ తలుపు తియ్యకుండా ఉంటే చల్లదనం ఎక్కడికీ పోదు." అంత ధీమా నాకు.

దశమి పొద్దున్న బాబాయ్ తాడు లాగాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. లాగీ లాగీ అరచేతులు బొబ్బలెక్కాయి. నిప్పురవ్వ పుట్టించే కాయిల్ విప్పి, స్టవ్వు మీద పెనం పెట్టి వెచ్చబెట్టాడు. నన్ను ఒక్క మాటంటే ఒట్టు. తిట్టినా బాగుండేది. ఎండకి వ్యాను రేకులు కాలిపోతున్నాయి. పొద్దుగూకే వేళకి గానీ ఇంజను అందుకోలేదు. అప్పుడు ఫ్రిజ్ తెరిచాను. మంచు కరిగి ఉత్త నీళ్ళయింది. మందు సీసాలు చేతికి గోరువెచ్చగా తగిలాయి. మందు పోయిందని తెలిసిపోయింది, నర్సుని, తెలియకేం! పూజ రోజునే సర్వీసు బస్సెక్కి ఆ సీసాలు టౌను ఆస్పత్రికి పట్టుకుపోయి ఉంటే సరిపోయేది. ఆ బుద్ధి ఏ గంగలో కలిసిందో!

క్యాంపు రోజు తెల్లారేసరికి ఫ్రిజ్ మళ్ళీ చల్లబడింది. సీసాలు ఎప్పటిలాగే ఉన్నాయి. వ్యాను ముందు ముప్పైమంది తల్లులు, చంకల్లో కొత్తబట్టల పిల్లలు. మందు చెడిపోయింది, ఇళ్ళకి పొండి అంటే మళ్ళీ వస్తారా? వాళ్ళ సంగతి సరే, ఎందుకు చెడిందని మా సంస్థ డాక్టరుగారు నిలదీస్తే నేనేం చెప్పను? నిజం చెప్పాలంటే నన్ను ఎక్కువగా వణికించింది ఆ రెండోదే.

"ఏసేత్తావా అమ్మా?" అన్నాడు బాబాయ్, మెల్లిగా.

ఒక్కో నోట్లో చుక్కలు వేసుకుంటూ పోయాను. నెలకోసారి చొప్పున మూడుసార్లు వెయ్యాలి కదా, వచ్చే నెల మంచి మందు పడుతుంది, ఇదొక్కటి పోతే పోయిందిలే అని సర్దిచెప్పుకున్నాను.

తర్వాతి నెలా, ఆ పై నెలా వెళ్ళి మంచి మందే వేశాం. ఒక్క తల్లి మాత్రం రెండుసార్లూ రాలేదు. కోతలకీ, నూర్పులకీ పొరుగూరు పోయిందన్నారు. నేను వెతకలేదు. వెతికితే ఎందుకంత ఆరాటమని ఎవరైనా అడుగుతారని భయం.

రెండేళ్ళకి నర్సీపట్నం బస్టాండులో ఆమే నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది. నాలుగేళ్ళ పిల్లని ఇంకా చంకనెత్తుకుందేమా అని చూశాను. పిల్ల కుడికాలు చిక్కిపోయి వేలాడుతోంది. మందు మంచిదే అయినా ఒక్కసారి వేసినంత మాత్రాన ఆ జబ్బు ఆగేదని ఏ డాక్టరూ ఒట్టేసి చెప్పలేడు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ బతికాను. కానీ ఆ పిల్లకి ఆ ఒక్కసారైనా మంచి మందు దక్కకుండా చేసింది నేను.

"నువ్వు సెప్తానే ఉన్నావమ్మా, మూడుపాల్లు ఏయించాలని," అందామె, కొంగు నోట్లో కుక్కుకుంటూ. "కూలికెల్లిపోయి నానే రానేదు. నా బిడ్డ కాలు నానే తీసేసాను."

కాదమ్మా అనాలి. అందుకే నోరు తెరిచాను కూడా. ఆమె నా మొహంలోకే చూస్తోంది.

"అవునమ్మా, రావాల్సింది," అన్నాను.