నాలుగో చాప్టర్ తియ్యను
నాకు డాక్టరేట్ రాకముందే మా అమ్మ కార్డులు కొట్టించేసింది. బందరులో ప్రెస్సు వెతుక్కుని మరీ వెళ్లింది. "దేవుని మహా కృపను బట్టి మా కుమార్తె పెద్ద చదువు పూర్తి చేసినందుకు కృతజ్ఞతా కూడిక" అని బంగారు రంగు అక్షరాలు, నా పేరు ముందు ఇంత లావు "డా." ఒకటి. థీసిస్ ఇచ్చేశానంటే పట్టా చేతికొచ్చినట్టేనని ఆవిడ లెక్క. మా దివిసీమలో, మా సంఘంలో, ఉద్యోగమొచ్చినా ఆపరేషన్ బాగా జరిగినా కూడిక పెట్టి, పాస్టరు అయ్యగారితో ప్రార్థన చేయించి, జరిగిన మేలు గురించి సాక్ష్యం చెప్పి, భోజనాలు పెట్టాలి. ఆలస్యం చేస్తే మేలు మరిచినవాళ్లమైపోతాం.

కూడిక ఇంకా నాలుగు రోజులుందనగా మా గైడ్ ఫోన్ చేశారు. కాలేజీలో పాఠం చెప్పడానికి వెళ్తూ, పామర్రులో గుడివాడ బస్సు కోసం నిలబడి ఉన్నాను.

"చూడమ్మా, ఎగ్జామినర్ నాలుగో చాప్టర్ తీసెయ్యమంటున్నారు. తీసేస్తే వచ్చే నెలే వైవా. లేదంటే థీసిస్ ఇంకొకరికి పంపాలి. ఏడాదో రెండేళ్లో, నేను చెప్పలేను."

ఆ చాప్టర్లో ఏముందో చెప్తాను, బ్రహ్మవిద్యేమీ కాదు. విశ్వం పసితనంలో అంతటా హైడ్రోజన్ వాయువు పరుచుకుని ఉండేది. తొలి వెలుగులోని అతినీలలోహిత కిరణాలను అది దూరం పోనిచ్చేది కాదు, మింగేసేది. ఆ కిరణాల దెబ్బకే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి, మొదటి వంద కోట్ల ఏళ్లలో మెల్లగా దారి తేటపడింది. ఆ పని చేసిందెవరు? గెలాక్సీల్లోని కొత్త నక్షత్రాలు, అంటారు ఎక్కువమంది. పెద్ద వాటా వాటిదేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ నడుమ ఉన్న కృష్ణబిలం చుట్టుపక్కల వాయువును లాక్కుంటుంటే భగ్గున వెలిగే క్రియాశీల గెలాక్సీలు కూడా అప్పుడున్నాయి. మరీ అరుదని వాటిని పక్కన పెట్టేశారు. పాత టెలిస్కోపులకు బాగా వెలిగేవి మాత్రమే కనిపించాయి మరి. ఇప్పుడు కొత్త అంతరిక్ష టెలిస్కోపు మసకవాటిని కూడా చూపిస్తోంది, అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా. వాటి కిరణాలు ఏమాత్రం బయటపడ్డాయో ఇంకా ఎవరికీ రూఢిగా తెలియదు, నాకూ తెలియదు. నేను రాసింది ఒక్కటే: వీటి వాటా తక్కువే కావచ్చు, సున్నా అనడానికి మాత్రం వీల్లేదు.

నాకు ఒళ్లు మండింది. కనపడలేదు కాబట్టి లేరు అనే మాట మా ఇంటికి కొత్త కాదు. ఊరి చరిత్ర ఎవరు చెప్పినా మా వీధి దాకా రాకుండానే ఆగిపోయేది.

"తియ్యను సార్," అన్నాను.

"ఆవేశపడకమ్మా. ఇంట్లో ఒకమాట అడుగు."

సాయంత్రం అడిగాను. రొయ్యల షెడ్డులో తలలు తీసీ తీసీ వేళ్లు పాడు చేసుకున్న మనిషి మా అమ్మ. అంతా విని ఒకటే అడిగింది.

"నువ్వు రాసింది అబద్ధమా?"

"కాదు."

"మరి ఎందుకు తియ్యమంటున్నాడు?"

"అవి లెక్కలోకి రావంట."

"సన్న రొయ్య మాత్రం తూకంలో పడదా ఏంటి? పోయి చెప్పు ఆయనకి."

"కూడిక మానేద్దామా అమ్మా?"

"ఎందుకు మానాలే? చదివావు, రాశావు. అది మేలు కాదా?"

అలా అందే గానీ కార్డుల కట్ట చూసి ఆవిడ మొహం మాడిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ బాల్‌పెన్ను తీసుకుని కూర్చుని ఒక్కొక్క కార్డు మీదా "డా." కొట్టేసింది. మర్నాడు అప్పటికే పంచిన ఇళ్లకు వెళ్లి, కార్డు అడిగి తీసుకుని, గుమ్మంలోనే కొట్టేసి ఇచ్చి వచ్చింది.

ఆదివారం ఆరాధనయ్యాక మా ఇంటి ముందు పందిట్లో కూడిక. "పట్టా సంగతి ఎత్తకమ్మా, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు," అన్నారు అయ్యగారు, నా మంచికే. నేను మైకు తీసుకుని ఆ సంగతే ముందు చెప్పాను.

"నాకు డాక్టరేట్ రాలేదండీ. నిజం ఒకటి తీసేస్తే వచ్చేది. తియ్యలేదు."

సాక్ష్యంలో మేలు చెప్పగానే అందరూ స్తోత్రం అనాలి. ఒక్కరూ నోరు తెరవలేదు. ఇది మేలో కీడో వాళ్లకు తేలలేదు.

ముందు వరుసలోంచి మా అమ్మ ఒక్కతే గట్టిగా, "స్తోత్రం!" అంది. తర్వాత లేచి నిలబడి వెనక్కి తిరిగి, మిగతావాళ్లంతా అనేదాకా వాళ్ల వంకే చూస్తూ నిలబడింది.