కరెంట్ పోతేనే ఆడే ఆట

మా చిన్నప్పుడు... కరెంట్ పోయిందంటే మా సిరిసిల్ల వాడ మొత్తం ఒక్కసారిగా మూగబోయేది. పొద్దున్నుంచి చెవులు గింగురుమనేలా మోగే సాంచాలు... మరమగ్గాలను మా వైపు అలాగే అంటారు... అన్నీ ఒకేసారి ఆగిపోయేవి. ఎదురుగా ఉన్న కార్ఖానాలోంచి బాపు బయటికొచ్చి, ఒంటికంటిన దూది తువ్వాలతో దులుపుకుని, మా అరుగు మీద కూర్చునేవాడు.

కరెంట్ ఉంటే బాపు సాంచాల దగ్గర. కరెంట్ లేకుంటే మా దగ్గర. అంతే.

అందుకే నేనూ అక్కా కరెంట్ పోవాలని లోలోపల దేవుడికి దండం పెట్టుకునేవాళ్లం. ఈ సంగతి అవ్వకు... మాకు బాపంటే నాన్న, అవ్వంటే అమ్మ... తెలిసినప్పుడల్లా మా వీపులు విమానం మోతే... "సాంచాలాగితే కూలెవడిస్తడే, మీ తాతనా?" అని దారం కండెలు చుట్టుకుంటూనే కసిరేది.

ఆ రోజుల్లోనే బాపును సతాయించి సతాయించి ఒక టీవీ గేమ్ కొనిపించుకున్నాం. డబ్బాకు క్యాసెట్ పెట్టి, వైర్లు టీవీకి తగిలించి, రిమోట్ పట్టుకుని ఆడేది. కొనిచ్చాడు గానీ బాపు ఒక్కసారీ ఆడలేదు. ఎలా ఆడతాడు... కరెంట్ ఉన్నప్పుడు ఆయన ఉండడు, ఆయన ఉన్నప్పుడు కరెంట్ ఉండదు!

"ఇంతకు దాంట్ల ఏముంటదే?" అని అరుగు మీద కూర్చుని అడిగేవాడు.

"ఒక బుడ్డోడు ఉరుకుతుంటడు బాపు... గుంతలొస్తయి, ఎగిరి దుంకాలె. పడితే సచ్చుడే" అని నేను అరుగు మీద ఎగిరి మరీ చూపించేదాన్ని. బాపు తల ఊపుతూ వినేవాడు. అక్కకు మాత్రం అది చాలేది కాదు. కొనిచ్చిన మనిషికి ఆట నోటితో చెప్పడమేంటని ఆమె బాధ.

అక్క అప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. ఒకరోజు చెప్పింది... "కరెంట్ లేకున్నా ఆడేటట్టు చేస్తా. బాపు చేతుల వెడ్తా."

నేను పడీపడీ నవ్వాను.

జమ్మికుంటలో మా మేనమామ కారు నడిపేవాడు. కారు వెనక్కి తీసేటప్పుడు చూసుకునే బుల్లి తెర ఒకటి, మూలకు పగిలిందని పక్కన పడేశాడు. అక్క బస్సెక్కి పోయి అది తెచ్చుకుంది. సెల్‌ఫోన్ల షాపులో పాత బ్యాటరీలు అడిగి తెచ్చింది. ఇక టీవీ గేమ్‌కు స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది... ఉన్నది అదొక్కటే!

"మంచిగున్నదాన్ని ఖరాబ్ చేస్తే మీ బాపు మల్ల కొంటడా?" అంది అవ్వ. అక్క స్క్రూలు విప్పుతూనే ఉంది.

లోపల చూస్తే... అంత పెద్ద డబ్బాలో అరచేతిలో పట్టేంత ఆకుపచ్చ పలక ఒక్కటే ఉంది! మిగతాదంతా ఖాళీ. నన్నెవరో ఇన్నాళ్లూ మోసం చేసినట్టనిపించింది.

నా ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా బలైపోయింది. పొయ్యిలో కాల్చిన చువ్వతో దానికి కంతలు పెట్టింది అక్క. తెర మధ్యలో, రిమోట్ నుంచి కోసిన బటన్లు అటూ ఇటూ. వైర్లు చెదిరిపోకుండా బాపు తెచ్చే సాంచాల దారంతోనే కట్టింది. ఇల్లంతా కాలిన వాసన.

స్విచ్ వేసింది. ఏమీ లేదు. వైర్లు మళ్లీ అతికించింది. తెర తెల్లగా వెలిగి ఊరుకుంది. అక్క ముఖం చిన్నబోయింది. టీవీ గేమ్ పోయినట్టే అనుకుని నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆమె మాత్రం అతుకులన్నీ ఒక్కొక్కటే తట్టి చూసింది. ఒక పసుపు వైరు సరిగ్గా అతకలేదు. దాన్ని మళ్లీ అతికించింది...

బుడ్డోడు వచ్చేశాడు! నేను అన్నం తినే డబ్బాలో ఉరుకుతున్నాడు! గోడకు వైరు లేదు, టీవీ లేదు. ఒళ్లంతా పులకరించింది. ఇన్నేళ్లలో ఎన్నో చూశాను గానీ అంత వింత మళ్లీ చూడలేదు.

ఇక కరెంట్ పోవాలి. రోజూ పోయే కరెంట్ ఆ రోజు పోనే పోలేదు! మర్నాడు పొద్దుగూకే వేళకు గానీ దానికి మా మీద దయ కలగలేదు.

బాపు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అక్క డబ్బా చేతిలో పెట్టింది.

"గిప్పుడు టిఫినేందే?"

అక్క స్విచ్ వేసింది. రంగుల వెలుగంతా బాపు ముఖం మీద పడింది. డబ్బాను పైకెత్తి కింద వైరుందేమోనని చూశాడు.

"కరెంట్ ఏడికెల్లి వస్తుందే దీనికి?"

"దాంట్లనే ఉన్నది బాపు. నువ్వు ఆడు."

"నువ్వే చేసినవా బిడ్డా?"

అక్క తల ఊపింది. బాపు తువ్వాలతో వేళ్లు తుడుచుకుని బటన్ల మీద పెట్టాడు. ఆ తర్వాత ఆడాడు... మొదటి గుంతలోనే పడ్డాడు. మళ్లీ పడ్డాడు. పడ్డ ప్రతిసారీ చిన్నపిల్లాడిలా నవ్వాడు.

అంతలో కరెంట్ వచ్చింది. వాడలో సాంచాలన్నీ టకటకమని అందుకున్నాయి. మామూలుగా అయితే బాపు మాట మధ్యలోనే లేచి వెళ్లేవాడు. ఆ రోజు లేవలేదు.

"కరెంటొచ్చింది, ఇనవడ్తలేదా?" అంది అవ్వ గుమ్మంలోంచి.

"జర ఆగే... గీ మూడో గుంత దాటనియ్యి."

వాడంతా మోగుతోంది. మా బాపు నడిపే సాంచాలు మాత్రం ఆగే ఉన్నాయి. అవ్వ వచ్చి ఆయన భుజం మీదుగా తొంగిచూసింది. అక్క కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు కరెంట్ పోవడం లేదు. మంచిదే... కూలి ఆగడం లేదు. కానీ అందరం ఆ అరుగు మీద చేరి ఎన్నాళ్లయిందో. ఆ డబ్బా అక్క దగ్గరే ఉంది. బ్యాటరీలు ఉబ్బిపోతే మొన్న కొత్తవి వేసిందట.

కరెంట్ పోతే మీ ఇంట్లో ఎవరు మీ దగ్గరికి వచ్చేవారు? చెప్పండి, చదువుకుంటాను.

మా బాపు మూడో గుంత ఇప్పటికీ దాటలేదు. ఒక్కసారి కరెంట్ పోతే బాగుండు...