గడిలో మారిన షిఫ్టు

పెళ్లికి ముందు, 2000 ప్రాంతంలో, గాజువాకలో ఒక చిన్న కంపెనీలో డ్యూటీ చార్టులు టైపు చేసేదాన్ని. చక్రం ఉన్న మౌస్ అప్పుడే వచ్చింది. దాన్ని గిరగిరా తిప్పడమంటే నాకు భలే సరదా.

క్రేన్ ఆపరేటర్ అప్పలనాయుడు గారు భార్యని పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్లాలని, మధ్యాహ్నం 'బి' షిఫ్టు అడిగారు. సరేనని, చార్టులో ఆయన గడిలో 'బి' పెట్టాను. నా మాట నమ్మి ఆయన చార్టు చూసుకోలేదు. తీరా అందులో ఉదయం 'ఎ' షిఫ్టు పడింది. మధ్యాహ్నం వచ్చిన మనిషిని ఆబ్సెంటని గేటు దగ్గరే ఆపేశారు.

"నాను బి షిఫ్టే అడిగినాను కదమ్మా?"

"కంప్యూటర్ తప్పు చెప్పదండీ. మీరే మర్చిపోయుంటారు," అన్నాను, అందరి ముందూ. ఆయన తల దించుకున్నారు.

వారం తర్వాత ఇంకొకరికి, గడి నొక్కితే తెరుచుకునే ఎ, బి, సి జాబితాలోంచి 'బి' ఎంచి, పై పేర్లు చూద్దామని చక్రం పైకి తిప్పాను. పేజీ కదల్లేదు. చివరగా నొక్కింది ఆ గడినే కాబట్టి, దాంట్లో 'బి' కాస్తా 'ఎ' అయి కూర్చుంది! అప్పలనాయుడు గారి షిఫ్టూ ఇలాగే మారిందన్నమాట. సూపర్‌వైజర్‌కి చెప్పి ఆయన ఆబ్సెంటు తీయించి, పరిగెత్తుకెళ్లి ఆయనకి జరిగింది చెప్పాను.

తిడతారనుకున్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నారు. "అయితే నాను మర్సిపోనేదన్నమాట! మతి పోతందేమోనని ఈ వారమంతా క్రేన్ ఎక్కాలంటేనే బయమేసిందమ్మా."

ఆబ్సెంటైతే తీయించగలిగాను. ఆ వారం ఆయన పడ్డ భయాన్ని ఎవరికి చెప్పి తీయించను?