వానలో పైకి లేచిన గీత

తొంభైల చివర్లో రాయపూర్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎం.ఇ. చదువుతూ, దాదాపు రెండేళ్లు ఒకే యంత్రం ముందు కూర్చున్నాను. తిరిగే ఉక్కు బిళ్ల మీద చిన్న ఉక్కు గుండును బరువుతో నొక్కి ఉంచితే, రెండింటి మధ్య రాపిడి ఎంతుందో పక్కనున్న పెన్ను కాగితం మీద గీస్తూ పోతుంది. ఆ బిళ్లల మీద ఉన్నది వజ్రంలాంటి కార్బన్ పూత. పేరు విని అమ్మ చూడాలని ముచ్చటపడితే, ఒకదాన్ని చేతిరుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చాను. తళుకులేమీ లేవు. పూత నల్లగా, వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలచగా, ఏటవాలుగా పట్టుకుంటే నీళ్ల మీద నూనెలా రంగులు తేలుతూ ఉంది.

“ఇదేటి, మాడిన పెనంలాగుంది” అని అమ్మ తిరిగిచ్చేసింది.

మాది విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. నాన్న వ్యాగన్ల మరమ్మతు షాపులో ఫిట్టర్‌గా పనిచేసి అప్పటికి రిటైరయ్యారు.

మే నెలంతా యంత్రం మీద పరీక్షలు బ్రహ్మాండంగా సాగాయి. గట్టిగా ఉండేవి సాధారణంగా నున్నగా జారవు. ఈ పూతకు రెండు గుణాలూ ఉన్నాయి. గుండు మీద సన్నటి నల్లపొర అంటుకుని అదే కందెనలా పనిచేసేది. రాపిడి తక్కువని చెబుతూ గీత కాగితం కింది అంచునే నడిచేది. మా గైడ్ సంతోషం పట్టలేక, రాయపూర్ దగ్గరి సిల్తారాలో నీటి పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ మేనేజరుకు చెప్పారు. తొందరగా అరిగిపోతున్న తమ షాఫ్టులకు ఈ పూత వేయించాలని ఆయన వాటిని బయటి ఊరికి పంపే ఏర్పాట్లు మొదలుపెట్టారు.

జూన్ చివర్లో వానలు పడ్డాయి. మిగిలిన బిళ్లలు యంత్రానికి ఎక్కిస్తే గీత అదిరింది, వంకర తిరిగింది, పైకి లేచింది. యంత్రం పాడైందనుకుని విప్పి తుడిచాను. గుండు మార్చాను. బరువు సరిచూశాను. గీత మళ్లీ లేచింది. గైడ్‌కి చెప్పాలి. చెప్పలేదు. రేపు ఇంకోసారి చూసి చెబుదామనుకుంటూ పది రోజులు గడిపాను. ల్యాబులో ఒకచోట నిలబడలేకపోయేదాన్ని. కంచం ముందు కూర్చుని కూడా వేలితో గీతలు గీస్తున్నానని అమ్మ కసిరింది.

ఒక ఆదివారం నాన్న వరండాలో కూలర్ గడ్డి తీసి ఆరబెడుతున్నారు. ఏమైందని అడిగితే, ఆపుకోలేక మొత్తం చెప్పేశాను. ఆయన పని ఆపకుండానే విన్నారు.

“తొలి జల్లు పడితే రైలు పట్టా మీద చక్రం జారిపోద్ది. ఎండలో పట్టినట్టు పట్టదు. డ్రైవర్లు ఇసక వదులుతారు” అన్నారు. “పట్టా అదే, చక్రం అదే. మరి నువ్వు మౌసమ్ లెక్కలోకి తీసుకోలేదేటమ్మా?”

నా కాగితాల్లో బరువు ఉంది, వేగం ఉంది, తిరిగిన దూరం ఉంది. గాలిలో తేమకు ఒక్క గడి కూడా లేదు.

మర్నాడు గైడ్ ముందు కాగితాలన్నీ పరిచాను. ఆయన వాటిని చూసి, పది రోజులు ఎందుకు దాచావని హిందీలో అడిగారు. భయమేసిందన్నాను. షాఫ్టులు ఆ వారమే బయలుదేరాలి. ఫోను నా వైపు జరిపి, మేనేజరుకు నన్నే చెప్పమన్నారు. మేనేజరు కేకలు వేయలేదు. మేలో ఖాయమన్నవాళ్లు ఇప్పుడు ఆగమంటే ఎవరి మాట నమ్మాలని మాత్రం అడిగారు.

ఆ తర్వాత యంత్రానికి పాలిథిన్ గుడారం కట్టాను. కొన్ని రోజులు లోపల తేమ పీల్చే సిలికా గుళికలు పెట్టాను, కొన్ని రోజులు తడిగుడ్డలు వేలాడదీశాను. పొడి గాలిలో గీత కిందికి దిగింది. తడి గాలిలో లేచింది, గుండు మీద ఆ నల్లపొర సరిగా అంటుకోలేదు. తప్పు యంత్రానిది కాదు. అనుమానం తీరేలా ఇదంతా మళ్లీ మళ్లీ చేసేసరికి దసరా దాటింది. ఫ్యాక్టరీ వాళ్లు పూత ఆలోచన మానుకున్నారు. నా థీసిస్ ఏడాది వెనక్కి పోయింది. తోటివాళ్లు ఉద్యోగాల్లో చేరిపోయారని విన్నప్పుడల్లా, నోరు మూసుకుని ఉంటే పోయేదిగా అనిపించేది. అలా అనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చేది.

వైవా అయిపోయాక గైడ్ నన్ను కారిడార్లో ఆపారు.

“నువ్వు చెప్పకపోయుంటే వానాకాలం గీతల గురించి నేను అడిగేవాణ్ణి కాదు” అన్నారు మెల్లగా, హిందీలోనే. “మే నెల గీతలు నాకు చాలా నచ్చాయి.”

తలూపి, సైకిలు స్టాండు వైపు నడిచాను.