తంగేడుపూల మెడ

కాల్హేర్‌లో నేను ప్యాకింగ్ చేసే గోదాములో ఎవరైనా తుప్పు బోల్టుకు కిరోసిన్ రాస్తే చాలు, భివండిలోని మా ఒంటిగదిలో మూసిన తలుపు వెనక వంగి కూర్చున్న అమ్మ గుర్తొస్తుంది.

అమ్మ కరీంనగర్ వైపు నుంచి పెళ్లయి వచ్చింది. నాన్న పవర్‌లూమ్ సాంచాలు నడిపేవాడు. అమ్మ పక్కింటామె దగ్గర మగ్గం వర్కు నేర్చుకుని ముంబై ఫ్యాషన్ దుకాణాలకు పెళ్లి జాకెట్ల మెడలు కుట్టేది. చిల్లులు పొడిచిన కాగితాన్ని పట్టుగుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడి రుద్దితే గుడ్డ మీదికి డిజైను చుక్కలుగా దిగేది. ఆ వాసనలోనే మా అన్నం, మా చదువు, మా నిద్ర. మగ్గం గదంతా ఆక్రమించేది గనుక పిల్లలం మేం దాని కిందే పాకేవాళ్లం, ఆడేవాళ్లం, గుడ్డ అడుగున దారం అందించే అమ్మ ఎడమచేతిని చూస్తూ పడుకునేవాళ్లం. ముఖం కన్నా ఆ చెయ్యే నాకు బాగా గుర్తు. పక్క షెడ్డులోని సాంచాల దూది పట్టు మీద వాలితే గుడ్డ ఖరాబే, అందుకని నడి ఎండాకాలంలోనూ తలుపు మూత, ఫ్యాను బంద్.

"తలుపు పెట్టుండ్రి, దూది వస్తది" అని రోజంతా అమ్మది ఒకటే పాట.

ఆమెకున్నది ఒకే కోరిక: సద్దుల బతుకమ్మ నాడు వరాలా తలావ్ చెరువు గట్టున మనవాళ్లతో కలిసి ఆడాలని. సరిగ్గా అప్పుడే పెళ్లిళ్ల పని మీద పడేది. ఒక ఏడు పోలేక, ఉక్రోషం కొద్దీ, పని ఇచ్చే సేఠ్ పంపిన మామిడిపిందెల డిజైను వదిలేసి బతుకమ్మను పేర్చినట్టే కుట్టేసింది: కింద తంగేడు, దాని మీద గునుగు, నడుమ బంతి, కొసన గుమ్మడిపువ్వు. చీవాట్లు తప్పవనుకున్నాం. సేఠ్ ఆ మెడను వెలుతురులో తిప్పితిప్పి చూసి, "భాభీ, అబ్ సే యహీ బనావో" అన్నాడు, ఇకమీదట ఇదే కుట్టమని.

అమ్మ ఎంత మురిసిందో! ఆ మురిపెమే మెడకు చుట్టుకుంది. ఏటా అదే డిజైను, ఏటా ఇంకా ఎక్కువ. ఆమె బతుకమ్మలు ఫ్యాషన్ షోలలో నడిచాయట. ఆమె మాత్రం గడప దాటలేదు. గల్లీలో ఆడవాళ్లు పాడుతూ పోతుంటే లోపల సన్నగా గొంతు కలిపేది. తిరిగొస్తూ వాళ్లు ప్రసాదం మలీద ముద్దలు తలుపు సందులోంచి అందించేవారు. నాకు ఆ సేఠ్ మీద ఒళ్లు మండేది.

ఇప్పుడు ఆ మెడలు మిషన్లు కుడుతున్నాయి. అమ్మ చూపు మందగించింది, మగ్గం కర్రలు అటకెక్కాయి, పక్క షెడ్డు గోదామైంది, గాలిలో దూది పోగైనా లేదు. మొన్న సద్దుల నాడు తలుపు బార్లా తీసి, "నడువమ్మా, తలావ్‌కు పోదాం" అన్నాను. కొత్త చీర కట్టుకుని గడపదాకా వచ్చింది. గల్లీ చివర పాట మొదలైంది. కాసేపు విని, నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"తలుపు పెట్టు బిడ్డా, దూది వస్తది."